మూడు వందల పది మంది ఎక్కడ?

సోమవారం ఉదయం 10:05. మూడు వందల పది మంది కనిపించడం లేదు.

శవం లేదు. రక్తం లేదు. తాళం పగలలేదు. ఒక మార్కెటింగ్ ఏజెన్సీ మూడో అంతస్తులో, కంప్యూటర్ లోపలి నుంచి, మూడు వందల పది మంది కస్టమర్లు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు.

సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోదు. తాను కూర్చుంటే బుర్ర కూడా చతికిలబడుతుందని ఆమె భయం.

"దొంగ దొరికేసింది మేడమ్," అన్నాడు ఏజెన్సీ యజమాని. "కంప్లైంట్ కూడా టైపు చేయించాను. సంతకం పెట్టడమే తరువాయి."

ఆ దొంగ కిటికీ పక్కన నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్ల డేటా ఆపరేటర్. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"ముందు ఏం పోయిందో చెప్పండి," అంది ఇన్‌స్పెక్టర్. "ఎవరు తీశారో తర్వాత చూద్దాం."

యజమాని వాచీ చూసుకున్నాడు. మాటకోసారి వాచీ చూసుకునే రకం.

"పదకొండేళ్లుగా ఒక కస్టమర్ల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఎవరి పేరేంటి, ఎప్పుడు ఏ పని ఇచ్చారు, అన్నీ అందులోనే. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు. ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారుతున్నాం. శనివారం ఈమే అన్ని కార్డులూ మార్చింది. మొత్తం పన్నెండు వందల నాలుగు. ఇవాళ 8:40కి చూస్తే ఎనిమిది వందల తొంభై నాలుగు!"

"పాతదాంట్లో ఉంటాయిగా. మళ్లీ తెచ్చుకోండి."

"ఎవరు తెస్తారు? రెండింటి పాస్‌వర్డులూ ఈమె దగ్గరే. దొంగ చేతికే మళ్లీ తాళాలివ్వమంటారా? పన్నెండింటికి పాతది మూసేస్తారు. ఆ తర్వాత అందులో ఏమీ మిగలదు."

"కొత్త కంపెనీ వాళ్లేమన్నారు?"

"ఫిర్యాదు అందిందని ఒక టికెట్ నెంబరిచ్చారు. రెండు రోజుల్లో చెబుతారట."

ఇన్‌స్పెక్టర్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఇంకా గంటా యాభై నిమిషాలుంది.

"ఈ అమ్మాయికి దానివల్ల లాభమేంటి?"

"ఎదురు బిల్డింగులో కొత్త ఏజెన్సీ పెట్టారు. అందులో ఈమె స్నేహితురాలుంది. ఇంకేం కావాలి?"

"ఇంకా చాలా కావాలి," అని ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "శనివారం పని ఎన్నింటికి అయ్యింది?"

"నాలుగు పదికి మేడమ్. నాలుగున్నరకి లెక్క చూశాను. పన్నెండు వందల నాలుగూ ఉన్నాయి."

"ఆదివారం?"

"ఇంట్లోనే ఉన్నాను. బట్టలుతుక్కున్నాను."

ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసి ఉండే లాగ్‌ను ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ మీద తెరిచింది. ఆదివారం ఉదయం 6:00. మూడు వందల పది కార్డులు తగ్గాయి. చేసిన ఐడి ఈ అమ్మాయిదే.

"ఒట్టు మేడమ్, నేను ముట్టుకోలేదు."

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు."

తెలుసని అబద్ధం చెప్పి ఉంటే సగం గండం గట్టెక్కేది. ఆ మాత్రం తెలివి కూడా లేని దొంగను ఇన్‌స్పెక్టర్ తన సర్వీసులో చూడలేదు.

అప్పుడు ఒకాయన ముందుకొచ్చాడు. యాభై నాలుగేళ్ల సీనియర్ సేల్స్ ఎగ్జిక్యూటివ్. ఆఫీసంతా బాబాయ్ అని పిలుస్తుంది. ఈ అమ్మాయికి మాత్రం సొంత బాబాయే. తండ్రి పోయాక ఆమెను ఈ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే.

"చిన్నపిల్ల మేడమ్. ఏదో తెలీక చేసుంటుంది. ఈసారికి క్షమించి వదిలేయండి. కేసు మాత్రం వద్దు."

"బాబాయ్! నేనేం చేశానని క్షమించమంటున్నావ్?"

"నువ్వుండమ్మా. నేను మాట్లాడుతున్నాగా."

ఇన్‌స్పెక్టర్ నడక ఆపింది. ఆయన ముఖం చూసింది. తర్వాత ఆయన బల్ల చూసింది. బల్ల మీద ఫోన్ చార్జింగుకు పెట్టి ఉంది. కానీ స్విచ్ఛాఫ్‌లో ఉంది.

"సేల్స్ మనిషి. సోమవారం పొద్దున ఫోన్ ఆపేశారేం?"

"పాడైంది మేడమ్."

"పాడైనదానికి చార్జింగెందుకు?"



10:50. ఇన్‌స్పెక్టర్ యజమాని మీద ప్రశ్నలు కురిపించింది.

"పోయినవాళ్లు ఎవరి కస్టమర్లు?"

"అందరూ బాబాయ్ తెచ్చినవాళ్లే. పాపం, ఈమె సొంత బాబాయ్ కడుపు మీదే కొట్టింది."

"మిగతా ఎగ్జిక్యూటివ్‌ల కస్టమర్లు?"

"ఒక్కరు కూడా పోలేదు."

"ఎదుటి ఏజెన్సీకి అమ్మే దొంగైతే అందరి దగ్గరా మంచివాళ్లను ఏరుకోదా? బాబాయ్ గారికి మొత్తం ఎంతమంది?"

"మూడు వందల పదకొండు."

"అయితే ఒకరు మిగిలారు. ఎవరది?"

యజమాని వెతికాడు. "ఏదో డ్యాన్స్ స్కూల్ మేడమ్."

"ఆ కార్డు తెరవండి."

కార్డు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ కిందికి జరుపుతూ పోయింది. ఎంత జరిపినా అది అయిపోవడం లేదు.

"ఈ డ్యాన్స్ స్కూల్ పళ్ల ఆస్పత్రికి బోర్డు ఎందుకు చేయించింది? టైర్ల మీద డిస్కౌంట్ అని కరపత్రాలెందుకు వేయించింది? మార్చి మూడున పదకొండింటికి నాలుగు చోట్ల నాలుగు మీటింగులా? గుండు సూది నుంచి సిమెంటు దాకా అన్ని వ్యాపారాలూ వీళ్లే చేస్తున్నారా?"

యజమాని వాచీ చూసుకోవడం మరిచిపోయాడు.

"ఈ కార్డు మీద ఫోన్ నెంబరుంది. అమ్మాయ్, నీ ఫోన్ నుంచి కొట్టు."

అమ్మాయి ఒక్కో అంకే నొక్కింది. పదో అంకె పడగానే స్క్రీన్ మీద పేరు వచ్చింది.

బాబాయ్.

 

"మీ ఫోన్ ఆన్ చేయండి," అంది ఇన్‌స్పెక్టర్.

ఆయన కదల్లేదు. ఆమే ఆన్ చేసింది. ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఆగలేదు. టైర్ల షాపు వారికి స్వాగతం. పళ్ల డాక్టర్ గారికి స్వాగతం. ఫర్నిచర్ షాపు వారికి స్వాగతం. అలా మెసేజులు వస్తూనే ఉన్నాయి.

"కార్డు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి రాగానే ఆ కస్టమర్‌కు స్వాగతం మెసేజ్ వెళ్తుంది," అంది ఇన్‌స్పెక్టర్. "శనివారం నుంచి అవన్నీ ఈయనకే వచ్చాయి. ఎందుకంటే తన కస్టమర్లందరి కార్డుల్లోనూ ఈయన తన నెంబరే రాసుకున్నాడు. ఇంకెవరూ వాళ్లకు ఫోన్ చేయకూడదని. పాత సాఫ్ట్‌వేర్ అదేం పట్టించుకోలేదు. కొత్తది పట్టించుకుంది. ఒకే నెంబరుతో ఎన్ని కార్డులున్నా ఒకే మనిషని కలిపేసింది."

"మరి ఈమె ఐడి?" అన్నాడు యజమాని.

"ఆ కలిపే పని రోజూ ఉదయం ఆరింటికి దానంతటదే జరుగుతుంది. అన్నీ అమర్చింది ఈమె గనక ఈమె పేరు మీదే రాసుకుంటుంది. టైము సరిగ్గా చూడండి. మూడు వందల పది కార్డులకు పట్టింది నాలుగు సెకన్లు. ఏ మనిషి వేళ్లకుందండీ అంత వేగం?"

ఆమె బాబాయ్ వైపు తిరిగింది.

"ఇవన్నీ నాకు తర్వాత దొరికాయి. మొదట దొరికింది మీ మాట. మా పిల్ల అలాంటిది కాదని మీరు అనలేదు. క్షమించమన్నారు. తప్పు చేయలేదని తెలిసినవాడు అడిగే మాటేనా అది? నిజం చెప్పకుండా ఆమెను కేసు నుంచి బయటపడేయాలని చూశారు."

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ ఆఫీసులో యాభై దాటినవాళ్లు ఎంతమంది మిగిలారు మేడమ్? నేనొక్కణ్ణే. నెంబర్లు నా దగ్గరుంటేనే నేనుంటాను. అవి అందరికీ కనబడితే నాతో పనేముంది? సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

యజమాని తల దించుకున్నాడు. ఆ మాటలో తన వాటా ఎంతో అతడికి తెలుసు.

"శనివారమే తెలుసా?" అంది అమ్మాయి.

"మొదటి మెసేజులు రాగానే అర్థమైందమ్మా. అప్పుడే ఫోన్ ఆపేశాను."

"పొద్దున నన్ను అందరి ముందూ నిలబెట్టి దొంగంటుంటే, నీకు తెలుసు."

"తెలుసు."

ఆమె కళ్లు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. 11:14. కార్డులు కలిపే ఆప్షన్ తీసేసింది. పాతదాంట్లోంచి బాబాయ్ కార్డులు మళ్లీ లాగడం మొదలుపెట్టింది. యజమాని ఆమె వెనకే నిలబడి గోళ్లు కొరుక్కున్నాడు. నూట ఇరవై. రెండు వందల ఆరు. మధ్యలో ఒకసారి నెట్ ఆగింది. అతడు దాదాపు అరిచాడు. మళ్లీ వచ్చింది. 11:52కి మూడు వందల పదకొండు వచ్చేశాయి. ఎనిమిది నిమిషాల తర్వాత పాత సాఫ్ట్‌వేర్ తెర మీద ఏమీ లేదు.

బాబాయ్ జేబులోంచి చిన్న డైరీ తీసి కీబోర్డు పక్కన పెట్టాడు. అసలు నెంబర్లన్నీ అందులో ఉన్నాయి. ఆమె దాన్ని యజమాని వైపు జరిపింది.

యజమాని కంప్లైంట్ కాగితాన్ని ముక్కలు చేశాడు. "నావల్ల పొరపాటైపోయిందమ్మా. అందరి ముందే అన్నాను, అందరి ముందే చెబుతున్నా. నువ్వు దొంగవి కావు. ఇవాళ్టికి ఇంటికెళ్లు."

ఆమె బ్యాగు సర్దుకుంది. బాబాయ్ కూడా లేచాడు. మూడేళ్లుగా ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వచ్చి వెళ్తున్నారు.

"పదమ్మా," అన్నాడు మెల్లగా. "దింపేసి వస్తాను."

"వద్దు సార్," అంది ఆమె. "నేను బస్సులో వెళ్తాను."