కత్తెరవ్వ జాగ

మెట్‌పల్లి దాటి, పసుపు చేలు దాటి, గుట్ట మలుపు దగ్గర ఒక పాత బీడీల కార్ఖానా ఉంది. ఊరి పేరు రాయను. మూతపడి ఇరవై ఏళ్లయింది. పైకప్పు సగం కూలింది. పొద్దుగూకితే ఆటోవాళ్లు అక్కడ బండి ఆపరు, హారన్ కొట్టరు… వెనక్కి చూడరు.

లోపల కత్తెర చప్పుడు వస్తుందట. కిర్రు… కిర్రు… ఆకు కత్తిరిస్తున్నట్టు.

ఎప్పుడో ఒకామె గంపెడు బీడీలు చుట్టి తెస్తే, బాగాలేవని మేనేజరు మొత్తం మట్టిలో పారబోశాడట. ఆమె ఆ గుమ్మంలోనే కూర్చుని, లేవకుండానే ప్రాణం విడిచిందట. పేరు ఎవరికీ గుర్తు లేదు. చచ్చిన ఆడదాని పేరు గుర్తుపెట్టుకునే అలవాటు మనకెక్కడిది? కత్తెరవ్వ అన్నారు, సరిపోయింది. మగవాళ్లనే పడుతుందని, ఆడవాళ్ల జోలికి రాదని చెప్పుకుంటారు. దెయ్యాల్లోనైనా అంత వివరం తెలిసినది ఒకటున్నందుకు, విన్నప్పుడు నేను సంతోషించాను.

నాకు చెప్పింది రెబెకా. మెట్‌పల్లిలో సైన్సు టీచరు. ఆమెకు డబ్బాల వేట పిచ్చి. ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటును ఫోన్‌లోని మ్యాపులో పెడతారు. మిగతావాళ్లు వెతికి పట్టుకుని, అందులోని చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేస్తారు. అంతే ఆట. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఈ పిచ్చి ఉన్నవాళ్లు నలభై మంది, వాళ్లకో వాట్సాప్ గ్రూపు. అందులో ఆడవాళ్లు ముగ్గురు.

నాలుగేళ్లుగా పలకరింపులన్నీ ఫోన్లలోనే. ఒకసారి అందరం కలుద్దామని రెబెకా పూనుకుంది. గ్రూపు పెద్ద కొండల్ వెంటనే కరీంనగర్‌లో ఫంక్షన్ హాలు చూస్తానన్నాడు. ఆడవాళ్లు ఫ్యామిలీతో రావచ్చునని దయతలిచాడు. డబ్బాలు వెతికే ఆటకు ఫంక్షన్ హాలెందుకని రెబెకా అడిగింది. పక్కనే రోడ్డు, ఇంత పెద్ద ఆవరణ, గోడల నిండా బొక్కలు… కార్ఖానాను మించిన చోటేది?

"గా జాగల ఆడోళ్లు ఉంటరా మేడం? జర సోంచాయించుండ్రి," అన్నాడు కొండల్, ఆలోచించుకోమన్నట్టు.

రెబెకాకు రోషం వచ్చింది. పందెం వేసింది. చీకటిపడ్డాక ఒక్కతే పోయి, డబ్బా దాచి, గంట కూర్చుని వస్తుంది. భయపడకపోతే కలవడం అక్కడే, ఏర్పాట్లన్నీ ముగ్గురు ఆడవాళ్లవే. భయపడితే వాళ్లిష్టం, ఆమె ఇక నోరెత్తదు. మిగతా ఇద్దరు ఆడవాళ్లూ, అక్కా నువ్వు గెలిస్తే మేమూ వస్తామని రాశారు.

పుష్యమాసం. ఏడింటికే చిక్కటి చీకటి. రక్షణ కోసమని కొండల్‌తో కలిపి ఐదుగురు మగవాళ్లు అర కిలోమీటరు దూరంలో బైకులాపుకుని నిలబడ్డారు. రక్షణ అంత దూరం నుంచి కూడా జరుగుతుంది కాబోలు.

ఆమె గేటు దాటింది. వాసన… తంబాకు వాసన. ఇరవై ఏళ్లుగా తెరవని చోట, ఇవాళే మూట విప్పినట్టు.

పాత చోట్లకు పాత వాసనలుంటాయని తనకు తానే సైన్సు పాఠం చెప్పుకుంది. గోడలో ఒక బొక్క కనిపిస్తే, దూరంగా ఉన్నవాళ్లకు చోటు తెలియకూడదని ఫోన్ వెలుగు ఆర్పి, డబ్బా దాచడానికి చెయ్యి లోపలికి పెట్టింది.

ఏదో తగిలింది. చల్లగా… మెత్తగా… తడిగా. మడతలు పడి ఉంది. మనిషి చెవిలా.

చెయ్యి లాగేసుకుంది. అప్పుడు వినిపించింది -

కిర్రు… కిర్రు…

ఒకటి కాదు. నాలుగైదు వైపుల నుంచి. చీకట్లో, నేలకు దగ్గరగా. ఆ మధ్యలో ఎవరో నవ్వును నోట్లోనే నొక్కుకున్నారు.

రెబెకా ప్రార్థన మొదలుపెడితే రెండో మాట గుర్తు రాలేదు. ఎవరని అడిగింది.

కత్తెరలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

తర్వాత పక్కనే, చేతికందేంత దగ్గర నుంచి, ముసలి గొంతు.

"నీ ఎంబడి మొగోడున్నడా?"

లేడంది.

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. బీడీ ముట్టింది. ఆ కాసింత వెలుగులో ఒళ్లో చాట, చాటలో తునికాకు, చేతిలో కత్తెర… వరసగా ఏడుగురు ఆడవాళ్లు.

బీడీ ముట్టించిన ఆమె శంకరవ్వ. అరవై ఏళ్లుంటాయి. బొక్కలో రెబెకాకు తగిలింది, మెత్తబడేందుకు తడిగుడ్డలో చుట్టిపెట్టిన ఆకు. రోడ్డు మీదికి వెలుగు కనిపించకూడదని వాళ్లు దీపం పెట్టరు. బీడీ చుట్టడానికి కళ్లెందుకు, వేళ్లు చాలు.

దెయ్యం కథ తామే పుట్టించామని శంకరవ్వ చెప్పింది. వాళ్లు కత్తెర చప్పుడొక్కటే చెబితే, పారబోసిన గంపను, చావును మగవాళ్లే కలుపుకున్నారట. ఇళ్లల్లో సంఘం మీటింగ్ అని చెప్పి, వారానికి మూడు రోజులు, రెండేసి గంటలు. తొమ్మిదేళ్లుగా.

ఇంట్లో కూర్చుని చుట్టుకోవచ్చు కదా అంది రెబెకా.

"ఇంట్ల కూసుంటె చాయ్ అంటరు, నీళ్లంటరు, చార్జర్ ఏడ బెట్టినవంటరు. గీడ ఎవ్వలేమడగరు బిడ్డా. నవ్వొస్తె నవ్వుతం."

రెబెకాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, పందెం గెలిచేసింది. ఆదివారం నలభై మంది వస్తారని, ఒక్క సాయంత్రమేనని ఉత్సాహంగా చెప్పుకుపోయింది. చేతిలోని డబ్బా ఏమిటని మంజుల అనే అమ్మాయి అడిగితే, అదీ చెప్పింది. ఇక్కడ పెడితే ఈ చోటు మ్యాపులో పడుతుంది, ఆ తర్వాత ఎవరైనా, ఎప్పుడైనా వెతుక్కుంటూ రావచ్చు.

శంకరవ్వ బీడీ చివర ఎర్రగా వెలిగి తగ్గింది.

"పెట్టుకో బిడ్డా," అంది చివరికి. "మేం ఇండ్లల్లనే కూసుంటం."

మంజుల అప్పుడే తన చాటలోని ఆకును మూట కట్టడం మొదలుపెట్టింది.

రెబెకా డబ్బాను సంచిలో వేసుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర ఆగింది. ఇంకో అరగంట అక్కడే నిలబడి, మామూలుగా నడిచి వెళ్తే చాలు, గెలిచినట్టే. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఎక్కడో ఫోన్లు పట్టుకుని ఎదురుచూస్తుంటారు.

జడ విప్పింది. చెప్పులు చేతిలోకి తీసుకుంది… పరుగెత్తింది.

కొండల్ నీళ్ల సీసా ఇచ్చాడు. పాపం, మర్యాదగానే అడిగాడు.

"భయపడ్డరా మేడం?"

"భయపడ్డ."

నాలుగేళ్లలో ఆమె నోట ఎవరూ వినని మాట. కొండల్ అక్కడికక్కడే గ్రూపులో పెట్టేశాడు. ఫంక్షన్ హాలు. ఫ్యామిలీతో. ఆ ఇద్దరు ఆడవాళ్లు చదివినట్టు గుర్తులు పడ్డాయి. అంతే.

ఓడిన మనిషిని చూసి కొండల్‌కు ధైర్యం పెరిగింది. మనం ఐదుగురం ఉన్నాం, టార్చీలున్నాయి, అదేమిటో ఇప్పుడే తేల్చి వద్దామన్నాడు. బండ్లు స్టార్టయ్యాయి. ఐదు లైట్లు కార్ఖానా వైపు తిరిగాయి. లోపల ఏడుగురు… బయటికి ఒకటే దారి.

రెబెకా సీసా మూత నెమ్మదిగా బిగించింది.

"పోండ్రి సార్," అంది, గొంతు బాగా తగ్గించి. "అది అడిగింది గూడ మీ పేరే."

"నా పేరా… దానికెట్ల తెల్సు?"

"ఏమో. కొండల్ రాలేదా అన్నది. రాలేదన్న." ఆగింది. "ఎప్పుడొస్తడు… అన్నది."

ముందుగా ఎవరి బండి తిరిగిందో రెబెకాకు తెలియలేదు. ఐదు ఎర్ర లైట్లు మెట్‌పల్లి రోడ్డు మీద చిన్నవై, చిన్నవై, మాయమయ్యాయి.

ఆమెను ఎక్కించుకోవడం ఒక్కరికీ గుర్తు రాలేదు. ఏడు కిలోమీటర్లు. చెప్పులు వేసుకుని నడక మొదలుపెట్టింది.