మిగిలిన తొమ్మిది ఫోటోలు

ఓడ్వార్ సేత్రె తడిసిన టోపీ అయినా తియ్యకుండా లోపలికొచ్చి, కోటు జేబుల్లోంచి రెండు హార్డ్ డిస్కులు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ చేతిరుమాళ్ళలో చుట్టి ఉన్నాయి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. నార్వేలోని బెర్గెన్ కొండ రోడ్ల మీద ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన చేతులు, ఆ రుమాళ్ళ ముడులు ఒక్కొక్కటే విప్పాయి.

"మా ఆవిణ్ణి ఎవరో ఎత్తుకుపోయారండి," అన్నాడు.

యోస్టెయిన్ చేతిలో కాఫీ ఒలికినంత పనైంది. నాలుగేళ్ళుగా డిటెక్టివ్ గ్రో హెల్లె దగ్గర సహాయకుడిగా ఉన్నాడు, ఇలాంటి కేసు మాత్రం ఎప్పుడూ రాలేదు! గబగబా పెన్ను వెతుక్కున్నాడు. గ్రో మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"ఎప్పుడు పోయారావిడ?" అని మెల్లిగా అడిగింది.

"ఫిబ్రవరిలో."

అప్పుడు చూశాడు యోస్టెయిన్. ముసలాయన వేలికి రెండు పెళ్ళి ఉంగరాలున్నాయి, చిన్నది పెద్దదాని మీద ఎక్కి కూర్చుంది. 'నా కళ్ళేం చేస్తున్నాయి ఇంతసేపూ' అనుకున్నాడు.

"కూర్చోండి. మొదట్నించీ చెప్పండి. చప్పగా ఉన్నా ఫర్లేదు, నాకు చప్పటి ముక్కలే కావాలి," అంది గ్రో.

ఓడ్వార్ చెప్పాడు. భార్య పేరు టూరిడ్. ఇంట్లో ఏం జరిగినా ఫోటో తీసేది ఆవిడే. ప్రతి ఆదివారం వాఫుల్స్ తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వారం ఫోటోలన్నీ సర్దేది. సంవత్సరం, నెల, చోటు, మనిషి, అన్నీ వేరు వేరు ఫోల్డర్లు. ఒక్కో ఫోల్డర్‌లో, ఏ ఫోటో ఏమిటో రాసిన జాబితా. మొత్తం యాభై రెండు వేల ఫోటోలు. ఒక డిస్కు ఇంట్లో, దాని నకలు కొండ మీద, చెరువు పక్కన సెలవులకి వెళ్ళే కాబిన్‌లో.

"ఇల్లు కాలితే కాబిన్ ఉంటుంది, కాబిన్ కాలితే ఇల్లుంటుంది అనేది. కానీ చూడండి, యాభై రెండు వేలల్లో తను లేదు! తీసేది తనే కదా. ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, 'మీ మొహం, మీకు చేతకాదు, ఇలా ఇవ్వండి' అని లాక్కునేది. పెళ్ళి ఫోటో ఉంది. పాస్‌పోర్టు ఫోటో ఉంది. మధ్యలో నలభై ఆరేళ్ళు ఖాళీ. ఒక్క వేసవి తప్ప."

పన్నెండేళ్ళ క్రితం కాబిన్ దగ్గర బండల మీద జారి టూరిడ్ మణికట్టు విరిగింది. ఏడు వారాలు కట్టు. కెమెరా ఇతరుల చేతికి వెళ్ళిన వేసవి అదొక్కటే.

"ఎవరు తీశారు అప్పుడు?" అని అడిగింది గ్రో.

"గుర్తులేదండి, ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు. అందరం ఉన్నాం. మా అమ్మాయి మారెన్, అప్పటి అల్లుడు ఫ్రోడె, మా అబ్బాయి ఐలిఫ్, టూరిడ్ చెల్లెలు బోర్గిల్డ్." ఆయన చిన్న ఉంగరం తిప్పుకున్నాడు. "ఇన్నాళ్ళూ తెరిచే ధైర్యం లేకపోయింది. మొన్న పొద్దున లేస్తే తన ముఖం సరిగ్గా గుర్తు రాలేదు. పాస్‌పోర్టు ముఖమే వస్తోంది. భయమేసి తెరిచా. ఆ ఫోల్డర్‌లో తొమ్మిది ఉన్నాయి. జాబితాలో ఆరువందల ఇరవై. కాబిన్‌కి పరిగెత్తా. అక్కడా అంతే, అవే తొమ్మిది."

యోస్టెయిన్ డిస్కులు రెండూ తగిలించి చూశాడు. ఫోల్డర్‌లోంచి ఏదైనా తీసేస్తే ఆ రోజు తేదీ దాని మీద పడుతుంది. ఇంటి డిస్కు మీద, అంత్యక్రియలైన మూడో రోజు. కాబిన్ డిస్కు మీద, ఈస్టర్ ముందు శనివారం.

"అంత్యక్రియలకి అందరూ మా ఇంట్లోనే ఉన్నారు," అన్నాడు ఓడ్వార్. "ఈస్టర్‌కి మాత్రం కాబిన్‌కి ఎవరూ వెళ్ళలేదు. తను లేకుండా ఎవరికీ మనసొప్పలేదు. తాళంచెవి కట్టెల కొట్టంలో మేకుకి ఉంటుంది, అందరికీ తెలుసు. కాబిన్ పుస్తకంలో కూడా ఎవరి రాతా లేదు. మా ఇంట్లో ఎవరొచ్చినా వాన పడిందా, చేప పడిందా, అన్నీ రాయాల్సిందే."

మిగిలిన తొమ్మిది ఫోటోల్నీ గ్రో ఒక్కొక్కటే చూసింది. తొమ్మిదింటిలోనూ ఒక పొడుగాటి ఆడమనిషి ఉంది, రబ్బరు బూట్లు, చేతిలో కాఫీ ఫ్లాస్కు. బోర్గిల్డ్. నాలుగింటిలో ఆమె పక్కన ఫ్రోడె పళ్ళికిలిస్తున్నాడు. ఒకదాంట్లో ఐలిఫ్, వెనక బోల్తా పడ్డ పడవ. టూరిడ్ ఎక్కడా లేదు. తర్వాత గ్రో జాబితా తీసి, పోయినవాటి పేర్లు పైకి చదివింది.

"'టూరిడ్ కట్టుతో', 'టూరిడ్ వాఫుల్స్', సరే. 'ఐలిఫ్ చేప, రెండు కిలోలు.' 'వాన.' 'మళ్ళీ వాన.' 'ఎవరిదో గొడుగు.'" కళ్ళద్దాలు తీసింది. "యోస్టెయిన్, గొడుగు ఫోటో ఎవరికి కావాలయ్యా?"

యోస్టెయిన్‌కి తట్టలేదు. గ్రోకి ఏదో తట్టింది, అది మాత్రం తెలిసింది.

మారెన్ పళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తుంది. భోజన విరామంలో బయట గోడకి ఆనుకుని రొట్టె తింటూ మాట్లాడింది.

"డిటెక్టివ్‌ని పెట్టుకున్నాడా నాన్న? నాకు ఫోన్ చేసి అడగడానికి ఏం రోగం?"

"ఆ వేసవి ఫోటోలంటే మీకు ఇష్టం లేదటగా, మీ నాన్న చెప్పారు," అంది గ్రో.

"ఫ్రోడె మొహం ఉంది వాటిల్లో. విడాకులైనప్పుడు అమ్మని అడిగా, తీసెయ్యమని. 'మొగుణ్ణి తీసెయ్, వేసవిని తీసెయ్యకు' అంది." ఆమె నవ్వబోయి ఆగింది. "నేను తియ్యలేదు."

"ఈస్టర్‌కి ఎక్కడున్నారు?"

"ఇంట్లో. పిల్లలు ఫ్రోడె దగ్గరికి వెళ్ళారు. ఒక్కదాన్నే."

ఐలిఫ్‌ది సముద్రంలో చమురు తవ్వే ప్లాట్‌ఫాం మీద పని. రెండు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఒడ్డున. తలుపు సగమే తెరిచాడు.

"అమ్మ ఫోటోలా! నేను ముట్టుకుంటే చెయ్యి విరిచేది. నిజమే, ఆ ఏడాది పడవ ముంచేశా, ఇంటిల్లిపాదీ ఇప్పటికీ ఏడిపిస్తారు. దానికోసం అమ్మని చెరిపేస్తానా?"

"ఈస్టర్‌కి?"

"ఇక్కడే. పిజ్జా, టీవీలో హత్యల సీరియల్. ఒక్కణ్ణే. సాక్ష్యం కావాలంటే డబ్బాలున్నాయి, ఇంకా పారెయ్యలేదు."

బోర్గిల్డ్ ఉత్తరాన ఫ్లోరోలో ఉంటుంది, పోస్టాఫీసులో చేసి రిటైరైంది. గ్రో ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

"మా బావ పెట్టుకున్నాడా మిమ్మల్ని? ఎలా ఉన్నాడు? తింటున్నాడా? మోకాలు నొప్పి తగ్గిందా?"

"ఫోటోలు పోయాయండి, ఆ కట్టు వేసవివి."

"చూసుకున్నాడన్నమాట," అంది. "మరి తనే చెయ్యలేదేం ఫోన్?"

"ఈస్టర్‌కి మీరెక్కడున్నారు?"

"ఎక్కడుంటా! ఇంట్లోనే. ఒక్కదాన్నే."

ఫోన్ పెట్టేసి గ్రో కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. "ఒకే కుటుంబం," అంది. "దేశమంతా కొండెక్కే పండగ. ఓడ్వార్‌తో కలిపి నలుగురు, నాలుగు గదుల్లో. ఎవరికీ సాక్షి లేడు."

ఆ శనివారం తనెక్కడున్నాడో యోస్టెయిన్‌కీ గుర్తుంది, తనకీ సాక్షి లేడు.

మర్నాడు ఓడ్వార్ వాళ్ళని కాబిన్‌కి తీసుకెళ్ళాడు. గది చల్లగా, మూసిన వాసనతో ఉంది. పొయ్యి పక్కన కట్టెల పెట్టె నిండుగా ఉంది.

"ఇది మీరు నింపారా?" అని అడిగింది గ్రో.

"లేదు." ఆయన తల తిప్పుకున్నాడు. "మేలో వచ్చినప్పుడే ఇలా ఉంది. మొన్నా వాడలేదు. కాల్చబుద్ధి కాక రెండుసార్లూ చలిలోనే పడుకున్నా."

"ఎందుకు కాల్చబుద్ధి కాలేదు? మళ్ళీ చెప్పండి, నిదానంగా."

"నవ్వకండి. కట్టె చీల్చాక బెరడు పైకి పెట్టి పేరుస్తాం మేం. మా నాన్న అంతే, నేనంతే, పిల్లలకీ అదే నేర్పా. టూరిడ్ మాత్రం బెరడు కిందికి పెట్టేది. వాళ్ళ నాన్న అలా నేర్పాడట. నలభై ఆరేళ్ళు పోట్లాడుకున్నాం దీని మీద. తను పోకముందు ఆఖరిసారి నింపింది నేనే, బెరడు పైకే. మేలో వచ్చి చూస్తే బెరడు కిందికుంది. ఒక్క క్షణం... తను వచ్చి వెళ్ళిందనుకున్నా."

గ్రో వంగి ఒక కట్టె తిప్పి చూసి, తిరిగి అలాగే పెట్టింది.

"ఆదివారం మధ్యాహ్నం అందర్నీ మీ ఇంటికి పిలవండి," అంది. "నేను పిలిచానని కాదు. మీరే ఫోన్ చెయ్యండి, మీ నోటితో."

ఆదివారం ఓడ్వార్ ముందుగదిలో అందరూ కూర్చున్నారు. కాఫీ ఎవరూ ముట్టలేదు. ఐలిఫ్ కాలు ఊపుతున్నాడు. బోర్గిల్డ్ తలుపు దగ్గర కుర్చీలో, ఎప్పుడు లేచి వెళ్ళమంటారో అన్నట్టు, కోటుతోనే కూర్చుంది.

"ముందు మారెన్ సంగతి," అని మొదలుపెట్టింది గ్రో. "ఫ్రోడెని చెరపాలని దొంగిలిస్తే, ఫ్రోడె ఉన్న నాలుగింటిని ఎందుకు వదిలింది? ఐలిఫ్ పడవ సిగ్గుతో తీస్తే, పడవ బోల్తా పడ్డ ఫోటో ఎందుకు ఉంచాడు?"

"అదే నేనూ చెప్పా!" అన్నాడు ఐలిఫ్.

"నువ్వు పిజ్జా డబ్బాల గురించి చెప్పావు. సరే, టూరిడ్ ముఖం కోసమే తీశారనుకుందాం. మరి చేప ఎందుకు? వాన ఎందుకు? గొడుగెందుకు? ఈ దొంగ ఫోటోలో ఎవరున్నారో చూడలేదు. ఫోటో ఎవరు తీశారో చూసింది. తను తీసినవి తీసుకుంది, ఇతరులు తీసినవి ముట్టుకోలేదు. కెమెరా ఒకటే, ఏది ఎవరు తీశారో డిస్కు చెప్పదు. పన్నెండేళ్ళ తర్వాత అది తెలిసేది నొక్కిన వేలికే. వదిలేసిన తొమ్మిదింటిలోనూ ఒకే మనిషి ఉంది. తన ఫోటో తను తీసుకోలేదు కదా, అందుకు."

ఎవరూ బోర్గిల్డ్ వైపు తిరగలేదు. ఆమే తల దించుకుంది.

"అంత్యక్రియలప్పుడు మీరు కంప్యూటర్ గదిలో పడుకున్నారని మీ బావ చెప్పారు, బోర్గిల్డ్. ఈస్టర్‌కి కాబిన్‌కి వెళ్ళారు. పుస్తకంలో రాయలేదు, అడుగుజాడ లేదు. కానీ పొయ్యి వెలిగించుకున్నారు. తర్వాత వచ్చేవాళ్ళకి పెట్టె నింపకుండా తలుపు వెయ్యడం మీ చేత కాలేదు. దొంగతనానికి వచ్చి కట్టెలు నింపారు, మీ నాన్న నేర్పినట్టు. ఈ ఇంట్లో అలా పేర్చేవాళ్ళు ఇద్దరే, అక్కా చెల్లెలూ."

"పిన్నీ!" అంది మారెన్. "అడిగితే కాపీ చేసి ఇచ్చేదాన్ని కదా! మొత్తం లేకుండా ఎందుకు చేశావ్?"

"నాకు కాపీ అక్కర్లేదే తల్లీ," అంది బోర్గిల్డ్. ఓడ్వార్ వైపు తిరిగింది. "నీకు లేకుండా పోవాలి బావా. లేకపోతేనే కదా అడుగుతావ్. అక్క ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఫోటోలు సర్దుతూ నాకు ఫోన్ చేసేది, ఇదెవరే, ఇదెక్కడే అని. అక్క పోయాక ఆదివారం నా ఫోన్ మోగలేదు. ఎవరికీ నాతో పనిలేదు. ఇవి కనబడకపోతే, 'బోర్గిల్డ్, నీ దగ్గర గానీ ఉన్నాయా' అంటావనుకున్నా. ఉన్నాయి, వచ్చి తీసుకో అందామని. కేకు కూడా చేసి ఫ్రీజర్‌లో పెట్టా. రెండుసార్లు పారేసి మళ్ళీ చేశా."

"నేను తెరవలేదు," అన్నాడు ఓడ్వార్. "ఎనిమిది నెలలు. భయమేసి."

"అది నాకెలా తెలుస్తుంది? అక్కర్లేదేమో అనుకున్నా. తీరా తెరిచావ్, నాకు చెయ్యకుండా డిటెక్టివ్ దగ్గరికి వెళ్ళావ్."

ఐలిఫ్ కాలు ఊపడం ఆపాడు. అతనూ తండ్రికి ఫోన్ చేసి ఎన్ని వారాలైందో లెక్కేసుకుంటున్నట్టున్నాడు.

బోర్గిల్డ్ లేచి, కోటు జేబులోంచి వేలెడంత పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. "అన్నీ ఉన్నాయి. వెళ్తా, నాలుగింటికి పడవ." మారెన్ గబగబా దాన్ని లాప్‌టాప్‌కి తగిలించింది. మొదటి ఫోటో తెర నిండా పరుచుకుంది. టూరిడ్, కట్టు కట్టిన చెయ్యి గాల్లోకెత్తి, కళ్ళు మూసుకుని, ఊపిరాడనంతగా నవ్వుతోంది.

ఓడ్వార్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ నవ్వు తనవైపు చూసి నవ్వింది కాదు, కెమెరా పట్టుకున్న మనిషిని చూసి నవ్వింది. ఆ సంగతి ఆయన ముఖంలో మెల్లిగా తెలుస్తుంటే యోస్టెయిన్ చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"ఏమన్నావ్ అప్పుడు తనతో?" అన్నాడు ఓడ్వార్.

"వద్దులే బావా. నీ గురించే. కోప్పడతావ్."

"కోటు తియ్ ముందు. చెప్పు."

ఒక చేత్తో తన కోటు పట్టుకుని యోస్టెయిన్ అక్కడే నిలబడిపోయాడు, వినాలని. గ్రో అతని మోచెయ్యి పట్టుకుని బయటికి లాగింది. బిల్లు పంపాలా అని అతను అడిగితే, "ఇంకా ఆరువందల పది చూడాలి వాళ్ళు, ఇప్పుడెందుకు," అంది.

బస్టాపులో వాన. అద్దాల కప్పు కింద నలుగురున్నారు, మనిషికీ మనిషికీ ఇద్దరు పట్టేంత ఎడం. యోస్టెయిన్ ఫోన్ తీసి పేర్లు కిందికి జరుపుకుంటూ చూశాడు, జేబులో పెట్టాడు, మళ్ళీ తీసి నొక్కాడు. ట్రోమ్సోలో ఉన్న అన్న. ఆరో రింగుకి ఎత్తాడు.

"ఏమైందిరా?" అన్నాడు అన్న, గొంతులో భయం. "ఎవరికైనా ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు," అన్నాడు యోస్టెయిన్. "ఊరికే చేశా."