బండి ఎవలదో కాకి చెప్పింది

మా బాపు సద్దిడబ్బ అంచు మీద కాకి వాలి, పెరుగన్నంల ముక్కు పెట్టింది. నాకు మొట్టమొదలు భయమైంది గప్పుడే. పట్టపగలు. షెడ్డు నిండ మనుషులున్నరు. అప్పటిదాక ఒకలి మీద ఒకలు ఒర్రుకున్నోల్లే. కాకిని కొట్టేటందుకు ఎవలు చెయ్యి లేపలేదు. అది నిమ్మలంగ తిన్నది. తినుకుంట మా బాపునే చూసింది.

నా పేరు ప్రణీత. ఇది జల్ది జల్ది టైప్ చేస్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. డిగ్రీ అయిపోయింది, నోటిఫికేషన్లకు చదువుకుంట ఇంట్లనే ఉంటున్న. జగిత్యాలల కోరుట్ల రోడ్డు మీద మా బాపు ప్రకాశ్‌ది బండ్లు రిపేర్ చేసే షెడ్డు. షెడ్డు వెనుకనే మా ఇల్లు. అమ్మ బీర్పూర్‌ల వాల్ల అక్క ఇంటికి పోయింది. ఇంట్ల నేను, బాపు, అంతే.

రిపేర్‌కు ఇచ్చి మల్ల తీస్కపోని బండ్లు మా షెడ్డుల ఎప్పుడూ ఉంటయి. అన్నదమ్ములు విడిపోయినయి, మొగడుపెండ్లాలు విడిపోయినయి. నాదంటే నాదని కొట్లాడుతరు, బండి మూలకు దుమ్ము వడ్తది. బాపుకు ఒక్కటే రూలు. బండి ఎవలిచ్చిన్రో వాల్ల చేతికే ఇస్తడు.

వెల్గటూర్ మధుకర్ తన తెల్ల బొలెరోను అట్లనే ఇచ్చి పోయిండు. బాపు ఇంజను దించి, విప్పి, కింద పరిచి పెట్టిండు. గా వారంలనే మధుకర్ ధర్మపురి కాడ గోదావరిల మునిగి చచ్చిపోయిండు. ఇచ్చినోడే లేడు. ఇగ ఎవలికియ్యాలె?

కోరుట్లల ఉండే మధుకర్ అన్న రాజమల్లు అచ్చి, బండి కాయితాలు నా పేరు మీదున్నయి, నాకే ఇయ్యి అన్నడు. సిరిసిల్లల తల్లిగారింట్ల ఉండే మధుకర్ భార్య సంగీత అక్క అచ్చి, మా ఆయన నడిపిన బండి, నాకే ఇయ్యి అన్నది. రోజు విడిచి రోజు పంచాది. ఆమె తమ్ముడు ఒకనాడు రాడ్డు తీసి మా ట్యూబులైటు పలగ్గొట్టిండు. బండి ఆమెకిస్తే షెడ్డు కాలవెడ్త అని రాజమల్లు బాపు మొఖం మీదనే చెప్పిపోయిండు.

ఒకసారి నేను ఛాయ్ తీస్కపోయినప్పుడు ఇద్దరు ఎదురుబొదురు నిలవడ్డరు. రాజమల్లు నవ్వుకుంట అన్నడు, "మొగడు బతికున్నప్పుడు తలుపు తియ్యనిదానివి, గిప్పుడు బండి తాళం తీస్తవా?"

సంగీత అక్క గొంతు లేపలేదు. "నీ తమ్ముడు తాగచ్చి నన్ను గోడకేసి కొట్టినప్పుడు గీ కాయితాలు ఏడ దాచినవ్ బావా?"

మా దిక్కు మనిషి పోయినంక మూడొద్దులకు, మల్ల దినాలకు, ఆయనకు ఇష్టమైనయి వండి పిట్టకు పెడ్తరు. పిట్ట ముట్టాలె. ముట్టకపోతే పోయినోనికి ఏదో ఆశ మిగిలిందని లెక్క. మధుకర్‌కు మూడొద్దుల నాడు గోదావరి ఒడ్డున పొద్దు వంగేదాక కూసున్నరట. ఒక్క పిట్ట దిగలేదు. వాని పానం బండి మీదున్నది, దినాల నాడు బండి కాడనే పెట్టుండ్రి అని మధుకర్ తల్లి రాములవ్వ అన్నదట. గట్లనే అందరు మా షెడ్డుకు అచ్చిన్రు.

అప్పుడు బాపు ఒక మాటన్నడు. ఆ మాట అనకుంటుంటే అయిపోవు. కానీ రోజూ ఈ లొల్లితోని ఆయన ఇసిగిపోయిండు. ఇద్దరు చెరొక ఇస్తారి పెట్టుండ్రి, పిట్ట ఎవలది ముడ్తే బండి వాల్లది, మల్ల నా గడప తొక్కద్దు అన్నడు. ఇద్దరు బానెట్ మీద చెయ్యేసి ఒట్టు వెట్టిన్రు.

రెండు ఇస్తార్లు బానెట్ మీద. మటను, గారెలు, సీసాల కల్లు. బాపు సగం తిన్న సద్దిడబ్బ పక్కన స్టూలు మీదనే ఉండిపాయె. కాకి రేకుల మీంచి దిగింది. రాజమల్లు ఇస్తారి పక్కకెల్లి నడిచింది. సంగీత అక్క ఇస్తారి తొక్కింది, ముట్టలేదు. స్టూలు మీదికి ఎగిరింది.

అది తిని పోయేదాక రాములవ్వ చేతులు జోడించుకొనే ఉన్నది. మల్ల మా బాపుతోని మెల్లగ అన్నది. "బండి నీదే కొడుకా. వాడే ఇచ్చిండు."

రాజమల్లు మంత్రం పెట్టినవా ప్రకాశూ అని కింద ఉమ్మేసిండు. "ఉంచుకో. బండితోని వాడు సుత అస్తడు, వాన్ని సుత ఉంచుకో."

బాపు నవ్విండు. సంగీత అక్క పోయేటప్పుడు నా చెయ్యి గట్టిగ వట్టుకున్నది. బండి నడుపుకునేటందుకు అడగలేదట ఆమె. పాతసామానోనికి ఇచ్చి, కోపిచ్చి, తుక్కు చేయిద్దామనుకున్నదట. ఆ బండి చప్పుడు వాడకట్టుకు రాంగనే ఆమె లోపల గొళ్లెం వెట్టుకునేదట. నా చెవుల అన్నది, "మీ బాపును గా సీట్ల కూసోనియ్యకు."

నేను ఆ మాట బాపుకు చెప్పేలోపట్నే అయిపోయింది.

పొద్దు గూకేటప్పుడు షెడ్డుల దీపం పెడదామని పోయిన. మబ్బు వట్టింది, కరెంటు లేదు. షెడ్డంటే నాకు చిన్నప్పటి సంది డీజిలు వాసన. గప్పుడు డీజిలు వాసన లేదు. పులిసిన కల్లు వాసన. దాని కింద ఏటి బురద వాసన, నాచు వాసన. రేకుల మీద వాన లేదు గానీ ఎక్కడ్నో నీళ్లు కారుతున్నయి. టప్... టప్...

బొలెరోల స్టీరింగ్ ముంగట బాపు కూసున్నడు.

గేరు మార్చిన చప్పుడైంది. మల్ల మార్చిండు. ఇంజను లేని బండి. ఆయన మాత్రం రోడ్డు చూస్తున్నట్టే ముంగటికి చూస్తున్నడు.

బాపూ అని పిలిచిన. పలకలేదు. దగ్గరికి పోయిన. అద్దం దించే ఉన్నది. అంగి ఒంటికి అంటుకపోయింది, మోచేతుల కెల్లి నీళ్లు కారుతున్నయి. నా దిక్కు తిరగకుంటనే గుసగుసగ అడిగిండు.

"సంగి తలుపు తీస్తదా?"

గొంతు బాపుదే...

మా బాపు ఆమెను ఎన్నడు సంగి అనలేదు. సంగీతమ్మా అంటడు.

డోరు తీసి, చెయ్యి వట్టి గుంజిన. చెయ్యి సల్లగున్నది. దిగిండు. ఏమైంది బిడ్డా అన్నడు, మామూలుగనే. అన్నం వెడ్తే గిన్నె మొత్తం తిన్నడు, మల్లింత అడిగిండు. పోయి తన మంచంల దుప్పటి నెత్తిదాక కప్పుకొని పండుకున్నడు. నేను షెడ్డు షట్టర్ దించి తాళమేసిన.

ఇంత సేపు గిది నాకు భయమైన ముచ్చట. గిప్పుడు జరుగుతున్నది చెప్త.

గీ పైదంత రాస్తుండంగనే, గీ అద్దరాత్రి, సంగీత అక్క ఫోన్ చేసింది. గుసగుస మాట్లాడుతున్నది. ఇంట్ల ఎవలు లేరట, ఒక్కతే లోపల చీకట్ల కూసున్నదట.

"ప్రణీతా... మీ బాపు మా ఇంటి ముంగటికి అచ్చిండు. బొలెరోల."

మా బాపు ఇంట్లనే పండుకున్నడు అక్కా అన్న.

"కిటికీల కెల్లి చూస్తున్న. మీ బాపే. నెత్తి పలిగింది... నెత్తురు కారుతున్నది. నీ పేరు వెట్టి ఏడుస్తున్నడు. తలుపు తియ్యి, చచ్చిపోయేటట్టున్న అంటున్నడు. తియ్యాల్నా?"

ఒక్క నిమిషం ఆగమని చెప్పి బాపు అర్రలకు అచ్చిన. ఇక్కడ నిలబడే మీకు రాస్తున్న. దుప్పటి కింద మనిషున్నడు. ఊపిరి తీస్తున్నడు, దుప్పటి లేస్తున్నది, దిగుతున్నది. బాపూ అని పిలిస్తే ఊపిరి ఆగింది. పలకలేదు. మల్ల పిలిస్తే మల్ల ఆగింది. నేను ఊకుంటే మొదలైతున్నది. మంచం కింద గచ్చు మీద నీళ్లు. నా కాళ్ల దాక అచ్చినయి.

గక్కడున్నది మా బాపైతే, తియ్యకు అని చెప్పి నేనే ఆయన పానం తీసినట్టు. గిక్కడున్నది మా బాపైతే, తియ్యి అని చెప్పి సంగీత అక్కను వాని చేతుల పెట్టినట్టు. అక్క లైన్లనే ఉన్నది. ఆమె ఎనుక తలుపు కొడుతున్న చప్పుడు నాకు ఇనవడుతున్నది.

ఈ గ్రూపుల ఇసొంటియి చానమంది చూసినోల్లున్నరు కదా. ఎవలన్న మేలుకొని ఉంటే చెప్పుండ్రి, జల్ది. ఆమెకు ఏమని చెప్పాలె? నేను ఈ దుప్పటి తియ్యాల్నా?