లాకర్లో వదిలేసిన బ్యాడ్జి

ఆ పొద్దున నాన్న చొక్కా తొడుక్కునేలోపే ఊపిరందక మూడుసార్లు మంచం పట్టె పట్టుకుని ఆగాడు. కూతురు చూసీ చూడనట్టు తన అన్నం డబ్బా సర్దుకుంది. ఆయన ఇరవై ఆరేళ్ళు యురేనియం శుద్ధి కర్మాగారంలో, పసుప్పచ్చటి పొడిని బట్టీలో ఆరబెట్టి డ్రమ్ముల్లో నింపే చోట పనిచేశాడు. అక్కడే రికార్డుల గదిలో ఇప్పుడామె గుమస్తా.

నాన్న ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని కిందటి వారమే తేలింది. పనిలో ఎంత రేడియేషన్ తగిలిందో కాగితం తెస్తే, జబ్బు అందువల్లే వచ్చిందని రాయగలనేమో చూస్తానన్నాడు డాక్టరు. ఆయన అలా రాస్తేనే కంపెనీ వైద్యం చేయిస్తుంది.

ఆ రోజంతా ఆమె దుమ్ము పట్టిన ఫైళ్ళు తిరగేసింది. రేడియేషన్ కొలిచే నాన్న బ్యాడ్జి లెక్కలు దొరికాయి. ఏళ్ళ తరబడి అన్నీ సున్నాకి దగ్గర్లోనే ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చునే తన బ్యాడ్జి కూడా అంతే చూపిస్తుంది.

సాయంత్రం ఆ కాగితం నాన్న ముందు పెట్టింది. కంపెనీ వాళ్ళే మార్చేసి ఉంటారని, ఊరుకునేది లేదని అమ్మ వంటింట్లోంచే అందుకుంది.

"ఎవరూ మార్చలేదమ్మా," అన్నాడు నాన్న కూతురితో. "నేనే బ్యాడ్జి లాకర్లో పెట్టేసి లోపలికెళ్ళేవాణ్ణి."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నోరు మెదపకుండా ఎలా ఉన్నావని, మేమేమైపోతామో ఒక్కసారైనా అనుకున్నావా అని నిలదీసింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గోడకానుకుంది.

"బ్యాడ్జి లెక్క హద్దు దాటితే నన్ను బయటి పనికి మార్చేవాళ్ళు. నా వంతు కూడా బట్టీ దగ్గర నా పక్కన పనిచేసేవాడి నెత్తిన పడేది. వాడికప్పుడే పెళ్ళయింది. పిల్లలు పుట్టరేమోనని వణికిపోయేవాడు. బట్టీ దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి కదా."

కూతురి కోపం అంతటితో ఆగిపోయింది. ఆశగా అడిగింది, ఆ పక్కాయన ఇంకా ఉన్నారా, వచ్చి సాక్ష్యం చెబుతారా అని.

"ఉన్నాడు. రోజూ మనవరాల్ని బడిలో దింపొస్తాడు." ఆ మాటంటుంటే నాన్న మొహం తేటపడింది. "వాడికి ఈ సంగతి తెలీదు. నువ్వు చెప్పకు తల్లీ. ఈ వయసులో వాడికెందుకా బరువు."

ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది. చెప్పనని మాటిచ్చింది. ఆ సాక్ష్యం లేకుంటే వైద్యం అందదని, ఇవ్వకూడని మాటని తెలిసే ఇచ్చింది. ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తుంటే, అమ్మ వచ్చి ఇద్దరి పక్కన కూర్చుంది.