బతికినవారికి వీరగల్లు

మాణిక్యపురి రాజు రత్నకేతుడికి యుద్ధమంటే మహా ప్రీతి. అయితే అది ఎక్కడో దూరాన, తన భోజన వేళకు అడ్డు రాకుండా జరగాలి. కంటకుడనే రాక్షసుడు పులికనుమ దాటి ఊళ్లమీద పడబోతున్నాడని తెలియగానే ఆయన మీసం మెలేసి సైన్యాన్ని పంపాడు. తాను మాత్రం అందరినీ ఆశీర్వదించి అంతఃపురంలోకి వెళ్లిపోయాడు.

ఆ సైనికులకు సాము నేర్పినవాడు గరిడీ గురువు బయ్యన. ఇసుక మూటలు భుజానికెత్తి వాళ్లను గుట్టలెక్కించేవాడు. మిట్టమధ్యాహ్నం కత్తి చాచి నిలబెట్టేవాడు, రెప్ప వేస్తే మళ్లీ మొదటినుంచీ నిలబెట్టేవాడు. కన్నకూతురు కాచమకు కూడా అదే శిక్షణ. సేనాపతి వికటవర్మ అప్పుడప్పుడు పల్లకిలో వచ్చి, నీడన కూర్చుని విసిరించుకుని, "భేష్!" అని వెళ్లిపోయేవాడు. ఆయనగారి సైనిక సేవ అంతే.

బయ్యన శిష్యులతోపాటే కనుమకు వెళ్లాడు. తిరిగి వచ్చింది మాత్రం సేనాపతి ఒక్కడే. రాక్షసుడి అరుపు వినగానే కాలికి బుద్ధి చెప్పిన ఆ మహావీరుడు నిండు సభలో ఉత్తరీయంతో కళ్లొత్తుకుంటూ, "అందరూ వీరస్వర్గానికి చేరారు, ప్రభూ!" అన్నాడు.

వెళ్లి చూసి రమ్మని రాజు ఒక్కరినీ పంపలేదు. చనిపోయిన యోధుల పేర నిలిపే వీరగల్లును కోట ముందు నాటించి, ప్రతి పున్నమికీ దానికి స్వయంగా మాల వేసి ఉపన్యాసం దంచేవాడు.

"ప్రభూ, మా నాన్న శవాన్ని ఎవరైనా చూశారా?" అని అడిగింది కాచమ.

"అమరుల శవాల గురించి అడుగుతావా? అపచారం!" అని రాజు చెవులు మూసుకున్నాడు.

ఆ భక్తికో దండం పెట్టి, కాచమ కత్తి నడుముకు కట్టుకుని అడవి దారి పట్టింది.

తేనెలోయలో మాటలు నేర్చిన ముసలి ఎలుగుబంటి ఒకటి దారికి అడ్డంగా కూర్చుని ఉంది. "తేనెటీగల మధ్య రెప్ప వేయకుండా నిలబడు. తరువాత నన్ను మోసుకుని ఆ గుట్ట ఎక్కు. అప్పుడే దారి," అంది.

తేనెటీగలు ముసురుకున్నాయి, కనుబొమ్మల మీద పాకాయి. కాచమ కుట్లు భరించింది గానీ రెప్ప వేయలేదు. ఆపైన ఎలుగును వీపున వేసుకుని, ఎక్కడా ఆగకుండా గుట్టమీదికి చేర్చింది.

"మీ సేనాపతి నన్ను చూసి చెట్టెక్కాడు. చెట్లెక్కడం మాకూ వచ్చని ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు!" అని నవ్వి, ఎలుగు కనుమకు దారి చూపించింది.

కనుమలో సైనికులు వరుసగా నిలబడి ఉన్నారు. మెడ వరకూ రాయి, తలలు మాత్రం సజీవం. బయ్యన ముందు వరుసలో ఉన్నాడు. ఆయన పక్కన కొమ్మన అనే యువకుడు మోకాళ్లమీద కూర్చుని డాలు పట్టాడు. కూర్చున్నవాడి తల మిగతావాళ్ల మెడలకంటే కిందే ఉండడంతో అది కూడా అప్పటికే రాయై, ప్రాణం పోయింది.

అవతలి బండమీదినుంచి కంటకుడు విరగబడి నవ్వాడు. "వీళ్ల మీద నా శిలామంత్రం పాదాలు దాటి పైకి పోలేదు. మీ రాజు పుణ్యమా అని పోతోంది! బతికున్నవాళ్ల వీరగల్లుకు మాల పడినప్పుడల్లా అది పైకి పాకుతోంది. వీళ్లు రెప్ప వేయకుండా చూస్తున్నంతవరకూ నేను ఈ వరుస దాటలేను. ఈ పున్నమికి తలలూ పోతాయి, దారి నాదవుతుంది. ఆ రాయిని నాటించినవాడే పగలగొడితే తప్ప వీళ్లకు విడుదల లేదు. అంత బుద్ధి వాడికెక్కడిది!"

కాచమ కత్తి దూసింది.

"దించు, తల్లీ," అన్నాడు బయ్యన. "కనుమ సంగతి మేం చూసుకుంటాం. నువ్వు పరుగెత్తు."

"ఆలస్యమైపోతే, నాన్నా?"

"అప్పుడు మా కోసం చూడకు. ముందు ఊళ్లు ఖాళీ చేయించు."

కాచమ ఏడుస్తూనే పరుగెత్తింది.

పున్నమి ఉదయం ఆమె కోటకు చేరేసరికి మేళాలు మోగుతున్నాయి. రాజు మాల పట్టుకుని నిలబడ్డాడు. వీరగల్లుమీద కొత్తగా ఒక బొమ్మ వెలిసింది. గుర్రమెక్కిన రత్నకేతుడు! గిట్టల దగ్గర చీమలంతేసి సైనికులు.

"ప్రభూ, వాళ్లు బతికే ఉన్నారు! రాయి పగలగొట్టండి!"

"ఇప్పుడా చెప్పడం?" రాజు విసుక్కున్నాడు. "మేళగాళ్లు వచ్చేశారు. పులిహోర చల్లారిపోతోంది!"

ఇలాంటివాడి కోసమా మా నాన్న ఎండలో నిలబడింది అనుకుంటే కాచమకు ఒళ్లంతా అసహ్యంతో కంపరమెత్తింది. అయినా గొంతు తగ్గించి, "అలాగే మాల వేయండి, మహారాజా. ఆ గుర్రంమీద ఉన్నది తమరే కదా? బతికుండగా ఆ రాయెక్కినవాళ్ల గతి చూసే వచ్చాను. ముందు పాదాలు బరువెక్కుతాయి," అంది.

రాజు తన పాదాలవైపు చూసుకున్నాడు. ముచ్చెమటలు పోశాయి.

"సమ్మెట! ఎవరక్కడ, సమ్మెట తెండి!"

కిరీటం దొర్లిపోయినా లెక్కచేయకుండా ఆయన రాయిని బాదాడు. రాజ్యం కోసం ఏనాడూ వంగని నడుము ఆ రోజు ఎంత చక్కగా వంగిందో! సేనాపతి వెనక నిలబడి, "భేష్, ప్రభూ!" అంటూనే ఉన్నాడు. ప్రజలు అంతా కళ్లారా చూశారు.

ఇక్కడ రాయి పగలగానే అక్కడ కనుమలో సైనికుల ఒంటిమీది రాయి పెళ్లలుగా రాలింది. మాల పడే వేళైందని తలలు తొక్కి దాటబోతున్న కంటకుడిమీద కత్తులన్నీ ఒక్కసారిగా పడ్డాయి. వాడి అరుపు ఊళ్ల వరకూ వినిపించింది.

సైనికులు తిరిగి వచ్చారు. కొమ్మన మాత్రం రాయిగానే వచ్చాడు, స్నేహితుల భుజాలమీద. కాచమ అతని పాదాలు పట్టుకుని బిగ్గరగా ఏడ్చింది. ఆ రోజు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

రాజూ సేనాపతీ తీర్థయాత్రల పేర ఊరు దాటారు. ఎవరూ ఆపలేదు. ప్రజలు కాచమను సింహాసనంమీద కూర్చోబెట్టారు. ఆమె మొదటి ఆజ్ఞ ఇది: సరిహద్దుకు వెళ్లిన సైనికుడు తిరిగి రాకపోతే, రాయి నాటించే ముందు సింహాసనంమీద ఉన్నవారే కాలినడకన వెళ్లి చూసి రావాలి.

అప్పటినుంచీ ఆ రాజ్యంలో సింహాసనం కోసం పోటీ పడేవాళ్లు కరువయ్యారు.