దాటేశా అన్న మాట

చేటలోని గింజలను ఆమె చూపుడువేలితో మూడు పాయలుగా చీల్చింది. నూక ఒక పక్కకు, మట్టిబెడ్డలు ఒక పక్కకు పోగా, మిగిలిన మంచి గింజలను చిన్న పళ్ళెంలోకి వంచింది. కొట్లో బల్ల మీద పెట్టే నమూనా అది. మూడు రకాల బియ్యానికి మూడు పళ్ళేలు సిద్ధమైతే గాని ఆమె భర్త కొట్టు తెరవడు. ఆయన్ని ఊళ్ళో అందరూ షావుకారు అనే పిలుస్తారు.

ఎదురుగా గొంతుక్కూర్చున్న మరిది ఏరిన వాటిలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు.

"నీకోసం కాదు ఏరింది," అంటూ ఆమె అతని చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"డ్రైవరు రుచి చూడందే సరుకు కదలదు వదినా."

"కోర్టులో ఇలాగే వాగావంటే జడ్జిగారు బయటికి పంపించేస్తారు."

"బయటికి పంపిస్తే మంచిదేగా! లోపలికి పంపిస్తాడనేగా మన భయమంతా!"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. వీధిలో అతని పేరు హారన్. లారీ మలుపు తిరక్కముందే రెండుసార్లు మోగించేవాడు, వదిన కంచం పెట్టాలని. ఆ మోత వినపడి నాలుగు నెలలైంది. లారీ సరిహద్దు చెక్‌పోస్టు ఆవరణలో టైర్లలో గాలి దిగిపోయి నిలబడి ఉంది.

ఆ ఏడు పంట తగ్గిందని, పర్మిట్ లేకుండా బియ్యం రాష్ట్రం దాటకూడదని ఉత్తర్వు వచ్చింది. బియ్యంతో వెళ్ళిన అతని లారీ సరిహద్దుకు రెండు మైళ్ళ ఇవతల, ఇంటివైపు తిరిగి ఉండగా దొరికింది. పర్మిట్ లేదు. సరిహద్దు దాటాడని, అవతల తనిఖీ చూసి వెనక్కి పారిపోయి వచ్చాడని అధికారులు రాశారు. దాటనేలేదని అతనన్నాడు. మరి లారీ ఎందుకు తిప్పావయ్యా అంటే, తోవ తప్పానన్నాడు. సరుకు ఎవరిదంటే, దారిలో ఎవరో ఎక్కించారన్నాడు.

దాటాడనడానికి ఉన్న సాక్ష్యం ఒక్కటే. అది ఆమె మాట.

లారీ పట్టుబడిన సాయంత్రం ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చాడు. మర్యాదగా మంచినీళ్ళు అడిగి తాగాడు. "మీ మరిది ఫోన్ చేశాడా అమ్మా?" అన్నాడు. "చేశాడండీ, పన్నెండింటికి. దాటేశా అన్నాడు," అంది ఆమె. ఆ మాట మరిదికి మేలే చేస్తుందనుకుంది. ఆయన రాసుకుని చదివి వినిపిస్తే సంతకం కూడా పెట్టింది.

దాటింది వంతెన. మామగారి లారీ ఆ వంతెన మీంచే ఏట్లో పడింది. అప్పటినుంచి ఆ ఇంటి బండి అటు వెళ్తే, వంతెన దాటగానే ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట అనాలి, దాటేశా అని. ఆ మాట వినేదాకా ఆమె అన్నం ముట్టదు. వంతెన సరిహద్దుకు ఎంతో ఇవతల ఉంది. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు తెలుసు, కాగితానికి తెలియదు.

ఈ రోజు పదకొండింటికి ఆమె బోనెక్కాలి. "వంతెన సంగతి చెప్పండమ్మా. కానీ అతను లారీ ఎందుకు తిప్పాడో తేలకపోతే జడ్జిగారు నమ్మరు," అన్నాడు నిన్న వకీలు.

మరిది స్నానానికి లేచాడు. ఆమె పళ్ళేలు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. షావుకారు గడియారం పట్టీ బిగించుకుంటున్నాడు.

"పదేళ్ళుగా తిరుగుతున్న తోవ. కళ్ళకు గంతలు కట్టినా పోగలడు. వాడు తోవ తప్పడమేంటండీ?"

"వాణ్ణే అడుగు."

"అడిగితే నవ్వేస్తున్నాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఆ రోజు కవరు మీ చేత్తో ఇచ్చారు. పర్మిట్ ఇందులో ఉంది, అడిగితే చూపించరా అన్నారు. నేను ఇక్కడే ఉన్నా. ఆ కాగితం ఏమైంది?"

"పొద్దున్నే మొదలెట్టకు."

"మధ్యాహ్నానికి వాడు ఎక్కడుంటాడో తెలీదు. ఇంకెప్పుడు మొదలెట్టమంటారు?"

ఆయన పట్టీ ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అది కిందటి నెలది. గడువు అయిపోయింది."

"చూసుకోలేదా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "చూశాను. కొత్తది రావాలంటే పదిహేను రోజులన్నారు. అవతలివాళ్ళు సరుకు కోసం నెత్తిన కూర్చున్నారు. చెక్‌పోస్టులో ముద్ర చూస్తారు గాని తేదీ ఎవడు చదువుతాడులే అనుకున్నా."

"వాడు చదివాడు," అంది ఆమె. "చదివాడు కాబట్టే తిప్పాడు. ఈ ముక్క మీరు చెబితే వాడు ఇంటికొచ్చేస్తాడండీ."

"నేను చెబితే నేను పోతాను. లైసెన్సు పోతుంది. నువ్వూ పిల్లా ఏమైపోతారు?" ఆయన గొంతు తగ్గించాడు. "వాడికేముంది? పెళ్ళామా, పిల్లలా? ఆరు నెలలు కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి. వచ్చాక కొత్త లారీ కొనిస్తాను."

"పెళ్ళాం లేనంత మాత్రాన వాడికి ఎవరూ లేనట్టేనా? పాలపళ్ళు ఊడి నెత్తురొస్తే ఈ ఒళ్ళో పడుకుని ఏడ్చాడు వాడు. నేనేమవుతాను వాడికి?"

ఆయన ఆమె వెనక గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు.

మరిది తుండుగుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. తడి జుట్టులోంచి నీళ్ళు చొక్కా మీదికి కారుతున్నాయి.

"తెలిసే ఇచ్చావా అన్నయ్యా?"

"ఒరేయ్, అదికాదురా..."

"తొందర్లో కవరు మారిపోయిందనుకున్నా. సరిహద్దు దగ్గర టీ తాగుతూ ఊరికే తీసి చూశా. పాతది. అన్నయ్య పొరపాటు పడ్డాడు, దొరికితే ఆయన మెడకు చుట్టుకుంటుందని బండి తిప్పేశా. ఎదురుగా జీపు కనబడితే కాగితం చింపి కాలవలో పారేశా." అతని గొంతులో కోపం లేదు, లెక్క తప్పిన పిల్లాడి అయోమయం ఉంది. "పాతదిరా, జాగ్రత్త అని ఒక్క మాట అనుంటే పోయేదిగా. నేనెలాగూ వెళ్ళేవాణ్ణేగా."

షావుకారు కుర్చీలో కూలబడ్డాడు.

"విన్నారుగా," అంది ఆమె. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. "బోనెక్కి వంతెన సంగతి చెప్తా. ఎందుకు తిప్పాడని అడిగితే ఈ గదిలో విన్నది కూడా చెప్తా. తర్వాత మీరు నన్ను ఇంట్లో ఉంచుకుంటారో లేదో మీ ఇష్టం."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, తండ్రి పోయిన రోజున కూడా, ఆమె ఆయన ఏడవడం చూడలేదు. అప్పుడు తమ్ముడి తల నిమురుతూ కూర్చున్న మనిషి ఇప్పుడు లేచి వచ్చి ఆ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆవిడ చెప్పక్కర్లేదురా. నేనే చెప్తా. సరుకు నాదని, కాగితం నేనే ఇచ్చానని చెప్తా. తప్పు చేశానురా. ఇంత బతుకూ బతికి నీ దగ్గర..." ఎడం చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "కలిసి వెళ్దాం. ముగ్గురం వెళ్దాం."

ఆ మాట కోసమే ఆమె నాలుగు నెలలుగా ఎదురుచూసింది. ఆశగా మరిది ముఖంలోకి చూసింది. వేళాకోళమో, కనీసం ఒక తిట్టో వస్తుందనుకుంది. ఏదీ రాలేదు. జైలుకు పోవడానికి సిద్ధపడ్డప్పుడు కూడా అతనికి అన్నయ్య ఉన్నాడు. ఇప్పుడు అన్నయ్య చెయ్యి పట్టుకున్నా, అతని వేళ్ళు ఆ చేతిలో ముడుచుకోవడం లేదు.

అతను చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. తుండుగుడ్డ మడిచి కుర్చీ మీద వేసి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"తలన్నా తుడుచుకోరా," అంది ఆమె.

అతను చెప్పులు వేసుకుని, ఇద్దరిలో ఎవరివైపూ చూడకుండా, మెట్లు దిగి ఒక్కడే కోర్టుకు వెళ్ళిపోయాడు.