ఓబులమ్మ కూర్చునే పక్క

"...కాదు చిన్నూ, ఆ ముక్క కొట్టెయ్. 'కోపంతో పోయింది' అని రాయొద్దు. 'సిరుగుప్పలో కూతురింటికి పోయింది' అని రాయి, చాలు. పన్నెండు దినాలాయె. మీ అవ్వ నా ఫోన్ ఎత్తేదే తక్కువ. ఎత్తినా నేను ఒక మాట మొదలుపెట్టేలోపల కట్ చేస్తాండాది. నాది నిదానం మాట, ఆమె కాచుకునే మనిషి గాదు. అందుకే రాయమనేది."

"తాతా, నువ్వు చెప్పినట్టే రాయాల్నా, బుక్కులో ఉండేట్టు రాయాల్నా?"

"నేను మూడో క్లాసు తప్పినోణ్ణి, నువ్వు కాలేజీకి పోతాండావు. నేను చెప్పేది చక్కంగా మార్చి రాయి. మనుషులు మాట్లాడుకున్నది మాత్రం వాళ్ళు మాట్లాడినట్టే ఉండల్ల. యూనీస్ మాట ఒక్కటి గూడా కింద పడగూడదు. ఊఁ, రాసుకో."

విషయం ఇది. మీ అన్న కేశవ, బళ్లారి బ్రూస్‌పేటలో కార్లకు స్టీరియోలు బిగించే యూనీస్‌ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. వాళ్ళది చర్చికి పోయే ఇల్లు. మన ఇంట్లో అందరం సరే అన్నాం. మీ అవ్వ ఓబులమ్మ ఒక్కతే అనలేదు. "మనోళ్ళు గాదు, మన పద్ధతి గాదు. పైగా కారు కింద దూరే పిల్ల" అని సంచి సర్దుకుని బస్సెక్కింది. ఆమె ఒప్పుకోకపోతే ఈ పెళ్ళి జరగదు. అట్లా అని పట్టుబట్టింది ఎవరో చివర్లో చెబుతాను.

మన కురుగోడు ఇంట్లో తెల్ల మారుతి కారు ఉంది కదా. కేశవ కంటే రెండేళ్ళు పెద్దది. అందులో ఎక్కితే ఓబులమ్మకు కళ్ళు తిరుగుతాయి. ట్రాక్టరెక్కితే తిరగవు. ట్రాక్టర్‌లో పాట ఉంటుంది, పాటలో పడితే ఆమెకు దారి గుర్తుండదు. కారులో కూడా ఒక సెట్టు పెట్టిస్తే బాగుంటుందన్నది నేను. నేనే పెడతానన్నది కేశవ.

ట్రాక్టర్లకు పాటల సెట్టు కట్టడంలో వాడికి చుట్టుపక్కల పేరుంది. వాడు కట్టిన సెట్టు కాలువ అవతలి గట్టుకు వినిపిస్తుంది. ఒక పూటలో కారుకు కూడా బిగించేశాడు. ఆ సాయంత్రం బ్రహ్మాండంగా పాడింది. పొద్దున తాళం తిప్పితే కారు కుయ్ అనలేదు.

మూడు రోజులు అదే వరస. మూడు పొద్దులూ వీధి చివరి దాకా తోశాం. మూడోసారి మీ అవ్వ లోపలే కూర్చుని ఉంది. దిగవే అంటే,

"నేనెందుకు దిగల్ల? తోసేది మీరు గదా!" అన్నది.

ఆ రోజే ఆమెను ఇంటి దగ్గర దించి, నేనూ కేశవా బళ్లారికి పోయాం. బ్రూస్‌పేటలో సాలొమోను షాపు ముందర ఇంకో కారు నిలబడి ఉంది. దాని తలుపులోంచి రెండు పాదాలు, మడిచిన ప్యాంటు అంచులు బయటికి కనిపిస్తున్నాయి. మిగతా మనిషి డాష్‌బోర్డు కింద ఉన్నాడు.

"అన్నా, స్వల్ప బయటికి రాప్పా. మా బ్యాటరీ చూడల్ల," అన్నాడు కేశవ.

"అన్న లేడు. అక్క ఉండాది. ఆగు," అన్నాయి పాదాలు.

అక్క బయటికి వచ్చింది. పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్, ముక్కు మీద నల్లటి మరక, జుట్టుకు రబ్బరు బదులు ఒక వైరు ముక్క. ఎప్పుడూ నోరు మూయని కేశవ ఆ పూట మూశాడు. ఇక నేనే చెప్పాల్సి వచ్చింది.

"బ్యాటరీ పోయింది తల్లీ."

ఆమె బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసింది. "బ్యాటరీ పోలేదు తాతా, పోగొట్టినారు. సెట్టు ఎవరు బిగిచ్చిరి?"

"ఎవరో... మా ఊళ్ళో మెకానిక్కు," అన్నాడు కేశవ.

"ఆయప్ప ట్రాక్టర్లు కడతాడా?"

వాడు అదిరిపడ్డాడు. "ఎట్ల తెల్సె?"

"ట్రాక్టర్‌కైతే మీ దిక్కు సీటు కింద కట్ స్విచ్ పెడతారు. దిగేటప్పుడు తిప్పితే అంతా బంద్. అందుకే వైర్లన్నీ తెచ్చి బ్యాటరీకే మెలేసినా ఏం గాదు. ఈ కారుకు కట్ స్విచ్ యాడుంది? తాళం తీసినా సెట్టు మేలుకోనే ఉంటాది. పొద్దున్నేకంతా బ్యాటరీని తాగేస్తాది. స్వల్ప చెప్పండి మీ మెకానిక్కుకు."

"చెప్పేదేముంది? నీ ముందరే నిలబడుండాడు," అన్నాను.

ఆమె వాణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "ఓ! అయినా మెలేసింది మాత్రం గట్టిగుండాదప్పా. విప్పేదానికి నా రెండు చేతులూ చాలేట్టు లేవు."

కేశవ చెవులు ఎర్రబడ్డాయి. తిట్టిందో మెచ్చుకుందో వాడికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

దాచడం ఎందుకు, ఆడపిల్లకు కారు వైరింగు ఏం చేతవుతుందని నేనూ అనుకున్నాను. తర్వాత స్టూలు వేసుకుని రెండు గంటలు ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. నేను బోర్లు చూశాను, లారీలు చూశాను, ఎంతోమంది పనివాళ్ళను చూశాను. ఇంత శుభ్రంగా పనిచేసే చేతులు తక్కువ. చిన్న బల్బుకు వైరు కట్టి ఒక్కొక్క చోట తాకిస్తుంది. తాళం తిప్పితే వెలిగి, తీస్తే ఆరిపోయే చోటు దొరికేదాకా విసుక్కోదు. తెంపిన ప్రతి వైరునూ అతికించి, మీద గొట్టం తొడిగి, వేడి చేసి బిగిస్తుంది. పాత కారు కదా, డాష్‌బోర్డు మీది ప్లాస్టిక్ బిళ్ళలు పెళుసు. ఒక్క బిళ్ళ కూడా విరగలేదు. ప్రతి బిళ్ళా తీసేముందు అరచేత్తో నిమురుతుంది.

పని చేస్తూనే కేశవకు పాఠం చెప్పింది.

"ఎర్ర వైరు తాళంతో లేస్తాది, తాళంతో పండుకుంటాది. పసుపుది మాత్రం ఎప్పుడూ మేలుకోనే ఉండల్ల, అది తాగేది చుక్కే. మనం పెట్టిన సౌండంతా గుర్తు పెట్టుకునేది అదే. దాన్ని పీకితే సెట్టు అన్నీ మర్చిపోతాది. తెలిసెనా?"

"తెలిసె మేడమ్."

"మేడమ్ అంటే రేటు తగ్గదు. యూనీస్."

పసుపు వైరును స్క్రూతో బిగించాక, సంచిలోంచి గోళ్ళ రంగు సీసా తీసింది.

"ఇది గోళ్ళకు రంగేసుకునే టైమా?" అన్నాడు కేశవ.

ఆమె స్క్రూ తల మీద నుంచి పక్కనున్న రేకు మీదికి సన్నటి ఎర్రగీత గీసింది. "షోకుకు లేప్పా. మా షాపులో అంతే."

అప్పుడు నన్ను అడిగింది. "తాతా, ఈ సెట్టు ఎవరికి?"

"మా ఇంటామెకు. పాట లేకుంటే కండ్లు తిరుగుతాయి."

"యా పక్క కూచుంటాది?"

"వెనక సీట్లో, ఎడమ పక్క."

"చెవులు బాగుండాయా?"

"బాగుండాయి. ధబధబ కొడితే మాత్రం గుండె అదురుతాదంటాది."

నలభై కార్లు చూసుంటాను, ఈ మాట అడిగిన మెకానిక్కును నేను చూడలేదు. యూనీస్ చేతులు కడుక్కుని వచ్చి, మీ అవ్వ కూర్చునే చోటే కూర్చుంది. కళ్ళు మూసుకుంది. కేశవను ముందు సీట్లో కూర్చోబెట్టి మీటలు తిప్పించింది.

"ఎడమకు తిప్పు. ఇంకా. వెనక్కు. ధబధబ తగ్గించు. స్వల్ప... ఆఁ, ఆడ."

అంతలో వాన పట్టుకుంది. బళ్లారిలో వాన అంటే తెలుసు కదా, వచ్చిందని నమ్మేలోపల పోతుంది. అద్దాల మీద నీళ్ళు, లోపల మెత్తటి పాట. కేశవ చెయ్యి మీట మీద ఉంది, కళ్ళు మాత్రం వెనక సీటు కనిపించే నడిమి అద్దంలో ఉన్నాయి.

"కండ్లు సెట్టు మీద పెట్టప్పా," అన్నది యూనీస్, కళ్ళు తెరవకుండానే.

ఆ శనివారం మీ అవ్వ ఆ కారెక్కి బళ్లారికి పోయి వచ్చింది. ఒక్కసారి కూడా కళ్ళు తిరగలేదు. దిగి ఏమన్నదో నాకు బాగా గుర్తు. "పాట నా చెవిలోనే పాడినట్టుండాది. ఎవరో పుణ్యాత్ములు బిగిచ్చినారు" అన్నది.

"ఆ మాట కింద గీత గీయి చిన్నూ. రెండు గీతలు గీయి."

ఎనిమిది రోజులకు కేశవ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

"తాతా, సెట్టు అంతా మర్చిపోయింది. బ్రూస్‌పేటకు పోవల్ల."

పోయాం. యూనీస్ టార్చి వేసి చూసింది.  స్క్రూ బిగించి, ఈసారి నీలం గీత గీసింది. మళ్ళీ వెనక సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, సౌండు సరిచేయించింది. ఇంకో పది రోజులకు సెట్టు మళ్ళీ మర్చిపోయింది. మళ్ళీ పోయాం. ఆ రోజు కూడా వాన.

యూనీస్ టార్చి ఆర్పి లేచింది.

"కేశవా, ఈడ రా. ఈ గీత చూడు."

"ఏ గీత?"

"మొదట ఎర్రది తెగె. ఇప్పుడు నీలంది తెగె. స్క్రూ కదిలితేనే గీత తెగుతాది, నేను గీసేదే అందుకు. స్క్రూ దానంతట అది తిరగదు."

"ఎలుకలేమో..."

"మీ ఊళ్ళో ఎలుకలు స్క్రూడ్రైవర్ పట్టుకుంటాయా?"

నేను మెల్లగా వాన వైపు తిరిగాను. ఆ పిల్ల అప్పటిదాకా నవ్వు బిగబట్టుకునే ఉంది. ఉన్నట్టుండి ఆ నవ్వు పోయింది.

"నన్ను చూడల్లనిపిస్తే వచ్చి చూసిపో. టీ తాగిపో. ఎవరొద్దన్నారు? ఆ పసుపు వైరు పీకినప్పుడల్లా అవ్వ కోసం పెట్టిందంతా పోతాండాది గదా! ఆ దినం ఆమె కారెక్కి, కండ్లు తిరిగుంటే?"

కేశవ తలెత్తాడు. "తిరగలే. అవ్వ ఎక్కేముందు నేనే బిగిచ్చి మళ్ళా పెడతాండా. నువ్వు పెట్టింది నాకు నోటికొచ్చె. ఎడమకు ఏడు, వెనక్కు నాలుగు, ధబధబ కిందికి మూడు."

ఆమె టార్చి సంచిలో పెట్టింది. 

"అంత బాగా వచ్చినోడివి నా దగ్గరికి యాల వస్తాండావు?"

"నీకు తెల్సు గదా."

"నాకు తెల్సు. నువ్వు చెప్పల్ల."

"తాత ఉండాడు."

"తాత వానను చూస్తాండాడు."

"చూస్తాండా, చూస్తాండా," అన్నాను.

"నువ్వంటే ఇష్టం యూనీస్. మొదటి దినం నీ పాదాలు మాట్లాడినప్పటి నుంచి."

ఆమె సంచిలోంచి గోళ్ళ రంగు సీసా తీసి వాడి చేతిలో పెట్టింది.

"ఈసారి గీత నువ్వే గీయి. నువ్వు గీసింది నువ్వే తెంపవు గదా."

వాడు గీశాడు. వంకరగా వచ్చింది. ఆ గీత ఇప్పటికీ తెగలేదు, నేను రోజూ చూస్తున్నాను.

కేశవ ఇంట్లో చెప్పడం, మీ అవ్వ సిరుగుప్ప బస్సెక్కడం అయ్యాక, నేను ఒక్కణ్ణే యూనీస్ నాయన సాలొమోను దగ్గరికి పోయాను. మంచి మనిషి. కుర్చీ తుడిచి వేశాడు.

"కోదండరామప్పా, మా పిల్ల ఆదివారం చర్చికి పోతాది. తక్కిన దినాలు షాపుకు వస్తాది. ఈ రెండింటికీ ఎవరూ అడ్డం రాగూడదు."

"అడ్డం రాంప్పా. నా మాట."

"మీ ఇంట్లో అందరికీ సరేనా?"

నేను రోడ్డు వైపు చూశాను. పక్కనే పని చేసుకుంటున్న యూనీస్‌కు అర్థమైంది.

"అవ్వ సరే అంటేనే తాతా. లేకుంటే నేను రాను. కేశవకూ చెప్పినా," అన్నది. "ఇన్ని దినాలూ ఆమె చెవులతో విన్నా. ఆమె ముఖం మాత్రం ఇంకా చూడలే. ఆమె కూచునే పక్క ఖాళీ చేసి, నేను ఆ కారులో ఎట్ల కూచునేది?"

ఆ మాటకు నేను ఏడవలేదు. కంట్లో ఏదో పడింది, అంతే.

"ఇంగ ఇప్పుడు చెప్పేది మార్చొద్దు చిన్నూ. ఇది మీ అవ్వతో నేను నేరుగా మాట్లాడేది.

"ఓబులమ్మా, మన పెండ్లికి ముందు మీ నాయన ఇంటి ముందర నా సైకిలు గాలి పోయె, నీకు గుర్తుండాదా? పంపు కోసం మీ వాకిట్లోకి వస్తి. నువ్వు పంపు తెచ్చిచ్చి, 'ఈ దారిలో ముండ్లు జాస్తి' అంటివి. నాలుగు వారాలు వరసగా అదే తావులో గాలి పోయె. ఇన్నేండ్లూ నువ్వు ఆ ముండ్లనే తిడతాండావు. ముల్లూ లేదు, ఏం లేదు. గాలి ఆపే వాల్ ట్యూబ్ నేనే పీకుతాంటి. ఆ పొద్దు ఎవరైనా గోళ్ళ రంగుతో ఒక గీత గీసుంటే నేను దొరికిపోయుంటి. కేశవది నా బుద్ధే. వాణ్ణి తిట్టేది ఉంటే నన్ను తిట్టు. ఆ పిల్లను మాత్రం ఒక్కసారి చూడు. నువ్వు పుణ్యాత్ములు అన్నది ఆ పిల్లనే.

"ఆయె. చిన్నూ, రేపు మొదటి బస్సుకు సిరుగుప్పకు పో. మీ అవ్వ కాళ్ళు చాపుకోని కూచున్నప్పుడు చదువు, పనిలో ఉన్నప్పుడు వద్దు. రెండు గీతలు గీసిన కాడ ఆగు, ఆమె ముఖం చూడు. వాల్ ట్యూబ్ కాడ తిడతాది, తిట్టనీ. నవ్విందంటే ఫోన్ చెయ్యి. నేనూ కేశవా కారు తీసుకోని వస్తాం. వెనక సీట్లో ఎడమ పక్క తుడిచి పెట్టినాం, ఎవరినీ కూచోనిచ్చేది లేదు. వచ్చేటప్పుడు బ్రూస్‌పేట మీద వద్దాం. అది మన దారి గాదు, నాకూ తెల్సు. అయినా ఆ మీదనే వద్దాం. పో తల్లీ, నిదానంగా, నేను మాట్లాడినట్టు, మీ అవ్వకు చదివి వినిపించు."